మేకు కొట్టొద్దన్న ఇంట్లో

మొదటి అద్దె ఇంటి గురించి ఈమధ్య వరసగా ఉత్తరాలు వస్తున్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను. మా ఆయనది బదిలీల ఉద్యోగం. పగలంతా ఎవరివో సొంతిళ్లకు ఇంటీరియర్ పని చేసిపెట్టి, సాయంత్రానికి మా అద్దె ఇంటికి చేరేదాన్ని. రెండు రకాల గోడలతోనూ కాపురం చేసినదాన్నని నమ్మి చదవండి.

ప్రశ్న: ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఒక్కదాన్నే ఒక బెడ్‌రూమ్ ఫ్లాట్ తీసుకున్నాను. గోడలన్నీ తెలుపు. హాల్లో సీలింగ్‌కు ఒకే ఒక్క తెల్ల లైటు. రాత్రి అది వేస్తే ఆఫీసులో ఓవర్‌టైమ్ చేస్తున్నట్టు ఉంటుంది. మేకులు కొట్టొద్దు, రంగులు మార్చొద్దు అని ఓనర్ ముందే చెప్పేశారు. ఫోన్ తెరిస్తే అందరి ఇళ్లూ మెరిసిపోతున్నాయి. ఈ నెల జీతంతో సోఫా కొనేద్దామనుకుంటున్నాను. సరేనా?

సోఫాను కాస్త ఆగనివ్వండి. ముందు ఆ లైటు సంగతి చూద్దాం.

ఓవర్‌టైమ్ అన్నారు చూడండి, రోగం మీరే పట్టేశారు. ఆ లైటు మీద చిన్న అక్షరాల్లో ఒక అంకె ఉంటుంది, స్టూలెక్కి చదవండి. 6500 కెల్విన్ అని ఉంటుందని నా అనుమానం. వెలుగు రంగును కొలిచే అంకె అది. పెరిగేకొద్దీ వెలుగు నీలం వైపు వెళ్తుంది, తగ్గేకొద్దీ పసుపు వైపు వస్తుంది. వెనకటి ఫిలమెంటు బల్బు 2700 దగ్గర ఉండేది. సాయంత్రం ఒళ్లు వాల్చి కూర్చునే చోట 2700 నుంచి 3000 మధ్య ఉన్న ఎల్‌ఈడీ పెట్టుకుంటే గది మొహమే మారిపోతుంది. దీనికి ఓనర్ అనుమతి అక్కర్లేదు. పాత బల్బును మాత్రం పారేయకుండా అల్మరాలో దాచండి, ఖాళీ చేసేటప్పుడు మళ్లీ పెట్టేయొచ్చు.

రంగు ఒక్కటే కాదు, వెలుగు ఎక్కణ్ణుంచి పడుతోందన్నది కూడా ముఖ్యం. నడినెత్తి మీద ఒకే లైటు ఉంటే మూలలు చీకటిగా ఉంటాయి, కూర్చున్నవాళ్ల కళ్ల కింద నీడలు పడతాయి. కాబట్టి చిన్న లాంపులు రెండు మూడు కొనండి, ఒకేసారి కాకపోయినా ఒక్కొక్కటిగా. ఒకటి మీరు కూర్చునే చోటు పక్కన, కంటి ఎత్తు కంటే కాస్త కిందగా. ఇంకొకటి ఎదుటి మూలలో, వెలుగు గోడ మీద పడేట్టు తిప్పి. తెల్ల గోడలని బాధపడుతున్నారు గానీ, ఈ పనికి తెల్ల గోడను మించింది లేదు. పడిన వెలుగులో చాలా భాగాన్ని అది గదిలోకే తిప్పి పంపిస్తుంది. సీలింగ్ లైటును ఇల్లు తుడుచుకోవడానికి, జారిపోయిన చెవికమ్మ వెతుక్కోవడానికి ఉంచుకోండి.

బల్బు కొనేటప్పుడు వాట్లు చూసి మోసపోవద్దు, వెలుగు ఎంతో చెప్పే ల్యూమెన్లు చూడండి. పాత 60 వాట్ల బల్బు ఇచ్చేంత వెలుగు అంటే దాదాపు 800 ల్యూమెన్లు. ఎల్‌ఈడీ అయితే అంత వెలుగుకు 8 నుంచి 10 వాట్లు సరిపోతుంది. మూలన మెత్తటి వెలుగుకు అంత కూడా వద్దు, అందులో సగం చాలు. డబ్బా మీద సీఆర్ఐ అని ఇంకో అంకె ఉంటుంది. ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పేది అదే. 80 ఉంటే నడిచిపోతుంది, 90 దాటితే మీ బట్టలూ మీ మొహమూ కూడా కళగా కనిపిస్తాయి. చదువుకునే అలవాటుంటే లాంపును దగ్గరకు లాక్కోండి. దూరం సగానికి తగ్గితే పేజీ మీద పడే వెలుగు దాదాపు నాలుగింతలవుతుంది. పెద్ద బల్బు కొనడం కంటే ఇదే చవక. ఒక్క జాగ్రత్త: ఎక్స్‌టెన్షన్ వైరును కార్పెట్ కింద నుంచి లాగొద్దు. కాళ్ల కింద నలిగి వైరు పైతొడుగు చిరిగినా, లోపల వేడెక్కినా మనకు కనిపించదు.

ఇప్పుడు సోఫా. ఏ వస్తువు కొనేముందైనా నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇల్లు ఖాళీ చేసే రోజు ఇది నాతో వస్తుందా? లాంపు వస్తుంది, కర్టెన్ వస్తుంది, కార్పెట్ చుట్టుకుని వస్తుంది. ఈ హాలు కొలతకే కుట్టించిన మూల సోఫా తర్వాతి ఇంట్లో ఏ గోడకూ ఆనదు. అందుకే సోఫా కొలతలు కాగితం మీద వేసుకుని, అదే సైజులో పాత న్యూస్‌పేపర్లు నేల మీద పరిచి టేపు అంటించండి. కొన్నాళ్లు వాటి చుట్టూ తిరగండి. నడిచే దారి 75 సెంటీమీటర్లయినా మిగలాలి, 90 ఉంటే హాయి. సోఫాకూ ముందున్న టీపాయ్‌కూ మధ్య 40, 45 సెంటీమీటర్లు ఉంటే కాళ్లూ పడతాయి, కప్పూ అందుతుంది. బాల్కనీకి వెళ్లే ప్రతిసారీ మీరు పేపర్లు తొక్కుతున్నారంటే ఆ సోఫా మీ హాలుకు పెద్దది. సైజు కుదిరాక కూడా లిఫ్టు తలుపు, మెట్ల మలుపు, ఇంటి గుమ్మం కొలిచి మరీ డబ్బు కట్టండి. షోరూమ్‌లో ఉన్న సోఫా అందంగానే ఉంటుంది, రెండో అంతస్తు మెట్ల మలుపులో ఇరుక్కున్న సోఫాకు మాత్రం ఏ అందమూ ఉండదు.

అంతవరకూ ఎక్కడ కూర్చోవాలంటారా? మందపాటి కార్పెట్, ఆనుకోవడానికి రెండు పెద్ద దిండ్లు, పక్కన ఆ లాంపు. వచ్చిన స్నేహితులు ఎవరూ లేచి వెళ్లిపోరు.

ఫోన్లోని ఆ ఇళ్ల గురించి ఒక్క మాట. అవి వెడల్పు లెన్సుతో, పగటి వెలుగులో, అడ్డమైనవన్నీ ఫ్రేమ్‌లోంచి పక్కకు నెట్టి తీసిన ఫొటోలు. ఈసారి చూసినప్పుడు వాటిలో చార్జర్ వైరు ఎక్కడుందో వెతకండి. దొరికితే నాకూ పంపండి.

ప్రశ్న: పోయిన ఇంట్లో గోడకు అంటించిన హుక్కులు పెయింటుతో సహా ఊడొచ్చాయి. ఓనర్ అడ్వాన్సులో కోత పెట్టారు. ఇప్పుడు కొత్త ఇంట్లో ఫొటో ఫ్రేములు పెట్టాలంటేనే టెన్షన్‌గా ఉంది. అసలు అంటించే హుక్కులు మంచివేనా?

హుక్కులు మంచివే, గోడే కాకపోయి ఉండొచ్చు. అంటించేముందు అరచేత్తో గోడను గట్టిగా రుద్దండి. చేతికి తెల్ల పొడి అంటితే అక్కడ ఏదీ అంటించొద్దు. సున్నం, పాత డిస్టెంపర్ వేసిన గోడలు ఇలాగే ఉంటాయి. హుక్కు పట్టుకునేది గోడను కాదు, దాని మీది పొడిని. చేతికేమీ అంటకపోతే కనిపించని మూలలో, బీరువా వెనకో తలుపు చాటునో, ఒక హుక్కు అంటించి కొన్ని రోజులు వదిలేసి, తీసి చూడండి. కొత్తగా రంగు వేసిన గోడ అయితే కనీసం వారం ఆగాలి. పైకి ఆరినట్టున్నా లోపల పెయింటు ఇంకా గట్టిపడి ఉండదు.

గోడ పాసయ్యాక పని వరస ఇదీ. దూదితో కాస్త స్పిరిట్ అద్ది, అంటించే చోటు తుడవండి. సబ్బు నీళ్లతో గానీ ఇల్లు తుడిచే ద్రావణాలతో గానీ తుడవొద్దు, వాటి పొర మిగిలిపోతే జిగురు పట్టదు. ఆరాక హుక్కుతో వచ్చే జిగురు పట్టీ అంటించి, ముప్పై సెకన్లు గట్టిగా అదిమి పట్టండి. ఫ్రేమును వెంటనే తగిలించకుండా గంటసేపు ఆగండి. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఆ గంటలోనే. డబ్బా మీద రాసిన బరువుకు సగమే వేలాడదీయాలన్నది నా పద్ధతి.

ఇక తీయడం. మీ అడ్వాన్సు కోత అంతా ఇక్కడే జరిగి ఉంటుంది. పట్టీకి కింద చిన్న తోక ఉంటుంది. దాన్ని మీ వైపుకు లాగితే పెయింటు పెచ్చు వచ్చేస్తుంది. గోడను ఆనుకునే, తిన్నగా కిందికి, తొందర లేకుండా లాగాలి. రబ్బరులా సాగుతూ సాగుతూ దానంతటదే ఊడుతుంది. మామూలు డబుల్ టేపుకు ఈ సాగే గుణం ఉండదు కాబట్టి దాన్ని గోడకు వాడొద్దు.

ఎత్తు విషయం కూడా చెప్పేస్తాను. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఫొటోలు అవసరం కంటే పైన ఉంటాయి. ఫ్రేము మధ్య భాగం నేల నుంచి 145, 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే నిలబడి చూసేవాళ్ల కళ్లకు సరిగ్గా వస్తుంది. సోఫా మీద పెట్టేదైతే సోఫా వీపుకూ ఫ్రేముకూ మధ్య 15, 20 సెంటీమీటర్ల ఖాళీ చాలు. గోడ పొడి రాలే రకమైతే బాధపడకండి. పెద్ద ఫ్రేములను పుస్తకాల అరమీదో బల్ల మీదో గోడకు చేరగిలబెట్టండి, జారకుండా కింద చిన్న రబ్బరు ముక్క పెట్టండి. నాకైతే వేలాడదీసిన దానికంటే చేరగిలబెట్టిందే నచ్చుతుంది. బుద్ధి పుట్టినప్పుడల్లా మార్చుకోవచ్చు.

ప్రశ్న: షాపులో చక్కటి బూడిద రంగు కర్టెన్లు ఎంచుకున్నాం. ఇంట్లో ఎర్ర సోఫా వెనక కట్టాక అవి ఆకుపచ్చగా కనిపిస్తున్నాయి. షాపువాడు గుడ్డ మార్చేశాడని మా ఆయన, నా కళ్లే బాగాలేవని మా అత్తగారు. ఎవరిది నిజం?

ఇద్దరిదీ కాదు, పైగా గొడవ పడాల్సిన పనే లేదు. ఇక్కడ రెండు విషయాలు జరిగి ఉంటాయి.

మొదటిది లైటు. ఒకే గుడ్డ ఒక వెలుగులో ఒక రంగుగా, ఇంకో వెలుగులో ఇంకో రంగుగా కనిపించడం మామూలే. బూడిద రంగులకు ఈ తిక్క మరీ ఎక్కువ, ఎందుకంటే అందులో ఏ కొంచెం పచ్చో నీలమో ఉన్నా వెలుగు మారగానే బయటపడుతుంది.

రెండోది సోఫా. ఫ్రాన్సులో షెవ్రూల్ అని ఒక రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. పారిస్‌లోని గోబెలిన్ నేత కార్ఖానాలో రంగుల అద్దకం ఆయన చేతికింద నడిచేది. నల్ల నూలు సరిగ్గా నల్లగా లేదని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన నూలును పరీక్షించి చూస్తే రంగులో లోపమేమీ లేదు. ఆ నలుపు పక్కన నేసిన రంగులే దాన్ని వెలిసిపోయినట్టు చూపిస్తున్నాయి. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో తేల్చి 1839లో పుస్తకం వేశాడు. ఎరుపు పక్కన బూడిద రంగు పెడితే మన కంటికి అది పచ్చ వైపు మొగ్గినట్టు కనిపిస్తుంది. మీ కర్టెన్ చేస్తున్నది సరిగ్గా అదే.

నిజమో కాదో కావాలంటే ఇంట్లోనే తేల్చుకోండి. సోఫా మీద తెల్ల దుప్పటి కప్పేసి, కాసేపాగి కర్టెన్‌ను చూడండి. పచ్చదనం తగ్గితే తప్పు సోఫాది. తగ్గకపోతే బల్బుది, అప్పుడు మొదటి ఉత్తరానికి రాసిన జవాబు చదువుకోండి. సోఫాదే అయితే రెండింటినీ విడదీయండి: సోఫాను ఎదుటి గోడకు మార్చడమో, దాని వీపు మీద లేత గోధుమ రంగు దుప్పటి వేయడమో. కర్టెన్లు తిరిగిచ్చేయాల్సిన అవసరం నాకు కనిపించట్లేదు.

ఇంకెప్పుడైనా గుడ్డ కొంటే ముందు అరచెయ్యంత కాదు, మీటరు ముక్క తెచ్చుకోండి. కట్టాల్సిన చోటే వేలాడదీసి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటు వేశాక చూడండి. వెడల్పు దగ్గర పిసినారితనం వద్దు. గుడ్డ కిటికీ వెడల్పుకు రెట్టింపు ఉంటేనే కుచ్చిళ్లు నిండుగా పడతాయి. గుడ్డ ఖరీదైనదైనా కుచ్చు లేకపోతే దుప్పటి ఆరేసినట్టే ఉంటుంది.

ప్రశ్న: ఇంట్లో మొక్కలు పెడితే గాలి శుభ్రపడుతుందంటారు. హాలుకు ఎన్ని కావాలి?

గాలి కోసమైతే ఒక్కటీ వద్దు, కిటికీ తెరవండి. 1989లో నాసా చేసిన పరీక్ష పేరు చెప్పి అందరూ ఈ మాట అంటుంటారు. ఆ మొక్కలను పెట్టింది గాలి చొరబడని మూసిన పెట్టెల్లో, మన హాల్లో కాదు. 2019లో ఇలాంటి పరీక్షలన్నీ కలిపి లెక్కేసిన పరిశోధకులు, మామూలు ఇంట్లో గాలి లోపలికీ బయటికీ ఆడడం వల్ల జరిగే పనితో సరిపోవాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేల్చారు. అప్పుడు మీరెక్కడ నిలబడతారు?

అందం కోసమైతే పెట్టండి, నేనూ పెడతాను. కిటికీకి దూరంగా ఉన్న మూలకు స్నేక్ ప్లాంట్, వెలుగు కాస్త తగిలే చోట మనీ ప్లాంట్. రెండూ మరిచిపోయినా బతుకుతాయి, నీళ్లు ఎక్కువైతే మాత్రం చస్తాయి. పిల్లినో కుక్కనో పెంచుతుంటే వాటికి అందకుండా ఉంచండి, ఈ రెండు మొక్కలూ వాటి ఒంటికి పడవు.

ప్రశ్న: చిన్న గదికి పెద్ద అద్దం పెడితే పెద్దగా కనిపిస్తుందా?

అద్దానికి ఎదురుగా ఏముందో చూసుకోండి. కిటికీ ఉంటే ఇంకో కిటికీ వచ్చినట్టుంటుంది. ఉతకాల్సిన బట్టల కుప్ప ఉంటే రెండు కుప్పలవుతాయి.

ప్రశ్న: నేను అద్దెకు ఇల్లు తీసుకున్నానని తెలిసి అమ్మ తన పాత చెక్క బీరువా పంపిస్తానంటోంది. మనిషి కంటే ఎత్తు, బాగా బరువు. మా రూమ్మేట్‌కు అది ఇష్టం లేదు, ఇంటి లుక్ పాడవుతుందంటాడు. వద్దంటే అమ్మ బాధపడుతుంది. ఏం చేయమంటారు?

తెచ్చుకోండి. అమ్మ బాధపడుతుందని కాదు, మంచి చెక్క బీరువా ఊరికే వస్తుంటే వద్దనే పరిస్థితిలో మీరిద్దరూ లేరు కాబట్టి. ఒక సెట్టుగా కొన్నట్టుండే గది కంటే, ఒక పాత వస్తువు ఉన్న గదే నాకు మనుషులు ఉండే చోటులా అనిపిస్తుంది. మీ రూమ్మేట్‌కు ఒక ఒప్పందం చెప్పండి: బీరువా మీ బెడ్‌రూమ్‌లో ఉంటుంది, హాలు సంగతి అతనిష్టం. హాల్లో ఏం పెడతాడో చూశాక కదా ఎవరి లుక్ ఏమిటో తెలిసేది!

అయితే రాకముందే అమ్మను టేపు తీసుకుని కొలవమనండి. ఎత్తు, వెడల్పు మాత్రమే కాదు, పక్క నుంచి చూస్తే ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఎంతుందో కూడా కావాలి. పడుకోబెట్టి తెచ్చిన బీరువాను గదిలో నిలబెట్టేటప్పుడు సీలింగ్‌కు తగిలేది ఆ ఐమూల కొలతే. తలుపులూ అరలూ విడిగా వస్తాయేమో కూడా అడగండి, మోసేవాళ్లు మిమ్మల్ని దీవిస్తారు.

పెట్టే చోటు బయటి గోడ వైపైతే గోడకు ఆనించకుండా ఓ నాలుగైదు సెంటీమీటర్లు వదలండి. గాలి ఆడకపోతే వెనక చెమ్మ పట్టి బూజు వస్తుంది. అది మీ బట్టలకూ అంటుకుంటుంది, గోడకు మచ్చ పడితే అడ్వాన్సుకూ అంటుకుంటుంది. నేల ప్లాస్టిక్ షీటు రకం అయితే కాళ్ల కింద రబ్బరు బిళ్లలు వద్దు. రబ్బరు ఆ షీటు మీద పసుపు మచ్చ వేస్తుంది, అది రుద్దినా పోదు. గుడ్డ బిళ్లలు పెట్టండి.

ఇక అసలు సంగతి. మనిషి కంటే ఎత్తున్న బీరువాను పైన గోడకు బిగించాల్సిందే. పై సొరుగులు రెండు ఒకేసారి లాగినా, ఇంటికొచ్చిన పిల్లాడు అరలు పట్టుకుని ఎక్కబోయినా బరువంతా ముందుకు వచ్చేస్తుంది. అంటించే హుక్కులు, టేపులు ఇక్కడ పనికిరావు. బరువైన వస్తువులు కింది అరల్లో పెట్టడం మంచిదే గానీ అదొక్కటే చాలదు. ఫొటోల కోసమైతే ఓనర్‌తో వాదించొద్దనే అంటాను. దీనికోసం మాత్రం అడగండి, కాస్త పట్టుబట్టి అడగండి. "రెండు రంధ్రాలు కావాలండీ, బీరువా పడకుండా. ఖాళీ చేసేటప్పుడు పుట్టీ పెట్టి రంగు అద్ది ఇస్తాను" అంటే చాలామంది కాదనరు. సరేనన్నాక ఆ మాటను మెసేజ్‌లో రాయించుకోండి, డ్రిల్లు పెట్టకముందు గోడ ఫొటో తీసి అదే మెసేజ్ కింద పెట్టండి.

బిగించేటప్పుడు రెండు ఎల్ ఆకారపు క్లాంపులు తీసుకుని బీరువా పై ఫ్రేముకు స్క్రూ చేయండి. వెనక కొట్టిన పల్చటి ప్లైవుడ్‌కు కాదు, అది చిరిగి వచ్చేస్తుంది. గోడ వైపు ఇటుకో కాంక్రీటో అయితే ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టి స్క్రూ బిగించాలి. తట్టి చూస్తే డొల్లగా మోగే బోర్డు గోడ అయితే ఆ ప్లగ్గు పట్టదు. దానికి వేరే బోల్టులుంటాయి, వడ్రంగిని పిలిచి చేయించుకోవడం మేలు. బిగించాక పై అంచు పట్టుకుని ముందుకు గట్టిగా లాగి చూడండి. కదిలితే ఒప్పుకోవద్దు, మళ్లీ చేయించండి.